బావకు కావలసిన అసలు చంద్రుడు

పెళ్ళి ఫొటోలు తీసే మా బావకు చంద్రుడు ఏ దిక్కున ఉదయిస్తాడో తెలియదు. కెమెరా పట్టుకునే పనిలోనే తల నెరిసిన మనిషి. వెలుతురు గురించి చెప్పమంటే పూటంతా చెబుతాడు. అయినా పున్నమి చంద్రుడు తూర్పున పైకి వస్తాడన్న సంగతి ఆయనకు నేనే చెప్పాల్సి వచ్చింది. అది కూడా పత్తిచేను గట్టు మీద, టెలిస్కోపు భుజాన మోసుకుని నిలబడి.

బావ అంటే మా అక్క భర్త. వాళ్ళది ఆదిలాబాద్ జిల్లా బోథ్. నేను కరీంనగర్‌లో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఎక్స్‌రే తీస్తాను. మా బాపు, అంటే నాన్న, మిషన్ దవాఖానలో కాంపౌండరు. ఆయన పోయాక, మమ్మల్ని కన్న అవ్వ పోయాక, ఆ రెండు గదుల ఇంట్లో నేనూ, డాబా మీద నా టెలిస్కోపూ మిగిలాం. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్ళకు జవాబు చెప్పడం మానేసి చాలాకాలమైంది.

బావ దృష్టిలో నా టెలిస్కోపు ఒక గొట్టం. కరీంనగర్ వచ్చినప్పుడల్లా డాబా ఎక్కి, దాని మీద చెయ్యి వేసి, "గీ గొట్టం అమ్మి ఒక మంచి ఫ్రిజ్ కొనుక్కోరాదు మరదలా" అనేవాడు. ఆ గొట్టానికి కెమెరా తగిలించి నేను తీసిన చంద్రుణ్ణి ఇంటివాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టిన రోజు మాత్రం ఆయన ఏమీ అనలేదు. ఎందుకు అనలేదో తర్వాత బోథ్ వెళ్ళినప్పుడు తెలిసింది. స్టూడియోలో బల్ల మీద ఆరబెట్టిన పెళ్ళి ఆల్బంలన్నిట్లో నా చంద్రుడే. ఒకదాంట్లో పెళ్ళికొడుకు తల వెనక, ఒకదాంట్లో కొబ్బరిచెట్టు మట్టల నడుమ. కుడి ఎడమలు తారుమారు చేసి అతికించాడు. చంద్రుడిలో కుందేలు అద్దంలో చూసుకుంటున్నట్టు అటు తిరిగిపోయింది. ఇంకో ఆల్బంలో నేను తీసిన నెలవంక కడుపులో, నల్లగా ఉండే చోట, ఒక చుక్కను మెరిపించాడు. చంద్రుడు గుల్ల అనుకున్నాడు కాబోలు, వెనక ఉన్న చుక్క కూడా ఇటు కనబడుతుందని.

"ఇదేంది బావా, చుక్క లోపల పెట్టినవ్?" అని అడిగాను.

"ఎవడు చూస్తడు మరదలా? నడుమల పిల్ల మంచిగుంటె సాలు" అన్నాడు.

నిజమే, ఎవడూ చూడలేదు. ఆ ఆల్బంలు చేయించుకున్న ఇళ్ళవాళ్ళలో ఒక్కరైనా తల ఎత్తి ఆకాశం చూసి, తేడా పట్టి, వచ్చి అడిగిన పాపాన పోలేదు. బావ ఒక్కడి మీదే ఉండాల్సిన చులకన ఆరోజు నుంచి మనుషులందరి మీదికీ పాకింది.

ఇక మోటారు సంగతి. టెలిస్కోపుతో ఫొటో తీసేటప్పుడు ఫోకస్ కుదరడమే పెద్ద తలనొప్పి. ఫోకస్ తిప్పే మరను వేలితో తాకితే చాలు, లోపల చంద్రుడు గంతులు వేస్తాడు. ఆ ఊపు ఆగేదాకా ఆగాలి. ఆగాక చూస్తే కుదరాల్సిన చోటు దాటిపోయి ఉంటుంది. మళ్ళీ తాకాలి. ఆస్పత్రిలో రోగులను ఊపిరి బిగబట్టమని పొద్దంతా చెప్పేదాన్ని, ఇంటికొచ్చి నేనే ఊపిరి బిగబట్టేదాన్ని. వేలు తగలకుండా ఆ మరను తిప్పే చిన్న మోటారు ఒకటి దొరుకుతుంది. చేతిలో రిమోటు పెట్టుకుని, ఒక మీట నొక్కితే ముందుకు, ఇంకోటి నొక్కితే వెనక్కి, వెంట్రుకవాసి చొప్పున జరుగుతుంది. దాన్ని ఆన్‌లైన్లో తెప్పించాను.

పెట్టె మీద "అన్ని టెలిస్కోపులకూ సరిపోతుంది" అని రాసి ఉంది. నా టెలిస్కోపుకు సరిపోలేదు. మోటారును పట్టి ఉంచే రేకు రంధ్రాలు ఒక చోట, నా గొట్టానికి ఉన్న రంధ్రాలు మరో చోట. దీని గురించి వీడియోలు పెట్టే పెద్దమనుషులు అరగంట సేపు పెట్టె తెరిచి చూపిస్తారు, లోపలి దూది ఎంత మెత్తగా ఉందో కూడా చెబుతారు. రేకు సరిపోకపోతే ఏం చెయ్యాలో ఒక్కడూ చెప్పడు. అమ్మినవాళ్ళకు ఫోన్ చేస్తే ఒక అబ్బాయి సగం విని, "మేడమ్, మీ ఇంట్లో జెంట్స్ ఎవరైనా ఉంటే ఫోనివ్వండి" అన్నాడు.

"ఒక్కాయనే ఉన్నాడు. గోడ మీద ఫొటోలో మా బాపు. ఆయన ఫోన్లో మాట్లాడడు" అని పెట్టేశాను.

ఆదివారం చర్చి నుంచి వచ్చి చీర మార్చుకుని కూర్చున్నాను. పాత కిటికీ తాలూకు అల్యూమినియం పట్టీని రంపంతో కోసి, వంచి, డ్రిల్లుతో రంధ్రాలు వేశాను. ఒకటి వంకర పోయింది, ఆకురాయి పెట్టి అరగదీశాను. మోటారు ఇరుసునూ టెలిస్కోపు మర ఇరుసునూ కలిపే చిన్న గుండ్రటి ముక్కను బిగించేసరికి మధ్యాహ్నం భోజనం వేళ దాటిపోయింది. మీట నొక్కితే సన్నటి చప్పుడుతో ఫోకస్ గొట్టం కదిలింది. ఆ సాయంత్రం చంద్రుడి మీది గుంతల అంచులు మొదటిసారి గంతులు వెయ్యకుండా, మెల్లగా, తమంతట తాము తేటపడ్డాయి. ఇంట్లో ఎవరూ లేరు కనుక నా సంతోషాన్ని ఎవరికీ విడమరిచి చెప్పాల్సిన పని కూడా పడలేదు.

ఆ సంతోషం నిలవలేదు. చలికాలం మొదట్లో అక్క ఫోన్ చేసింది.

"చెల్లే, జర నువ్వు నీ గొట్టం పట్టుకొని రావాలె" అంది. "మీ బావ ఒక పార్టీకి మాటిచ్చిండు. పెండ్లికి ముంగట ఫొటోలు. కంప్యూటర్ల పెట్టిన చంద్రుడు కాదు, అసలు చంద్రుడే యెనక ఉండాలె అన్నరట. మీ బావ నా దగ్గర మిషన్ ఉన్నది అన్నడు."

"బావ దగ్గర ఏ మిషన్ ఉంది?"

"నీదే. నీది ఆయనది కాదా?" అని గొంతు తగ్గించింది. "ఊరికో పోరడు డ్రోన్ పట్టుకొని తిరుగుతుండు. స్టూడియో నడుస్తలేదు. నువ్వు రాకుంటె నా ఇజ్జత్ పోతది."

బావ పరువు పోతే నాకు పండగే. అక్క తన పరువు అడ్డం పెట్టింది. ఒప్పుకున్నాను.

పున్నమికి ఒకరోజు ముందే బయల్దేరాను. టెలిస్కోపును బొంతలో చుట్టి, మోటారునూ రిమోటునూ తువ్వాలలో పెట్టుకుని బస్సెక్కాను. మెట్‌పల్లి దాటేదాకా కండక్టరు దాన్ని బోరు మోటారనే అనుకున్నాడు. నేను కాదనలేదు. బోథ్‌కు తిరిగే రోడ్డు మీద దిగేసరికి బావ అద్దె జీపుతో ఎదురొచ్చాడు. పొద్దు గూకుతున్నా నల్లకళ్ళద్దాలు తియ్యలేదు.

"జాగ మస్తుగ చూసి పెట్టిన" అంటూ నేరుగా చేలల్లోకి తీసుకెళ్ళాడు. పత్తి ఏరడం సగమైన చేను. దాని అవతల ఒక బోడి గుట్ట. "గా గుట్ట మీద పిల్ల, పిల్లగాడు. మనం ఈడ. యెనక చంద్రుడు."

ఆ గుట్ట వెనకే సూర్యుడు దిగుతున్నాడు. నేను ఒకసారి సూర్యుణ్ణి, ఒకసారి బావను చూశాను.

"బావా, ఇది పడమర."

"అయితే?"

"చంద్రుడు తూర్పున వస్తడు."

"ఏడికెల్లి అయినా వస్తడు గద, జర సేపు ఆగితె ఈడికే వస్తడు" అన్నాడు. రావడం వస్తాడు, తెల్లవారుజామున, దిగిపోవడానికి. భుజాన టెలిస్కోపు మోసుకుంటూనే నడిచాను. గుట్టను చుట్టి, రెండు చేలు దాటి, పడమటి వైపు ఇంకో గట్టు దగ్గర ఆగాను. అక్కడి నుంచి చూస్తే అదే గుట్ట తూర్పున ఉంది. గుట్ట మీద నిలబడ్డ మనిషి వేలి గోరంత కనబడే దూరం. అంత దూరం ఉంటేనే వెనక చంద్రుడు పెద్దగా కనబడతాడు. ఇదీ బావకు అర్థం కాలేదు. దగ్గరికి పోతే పెద్దగా వస్తుంది కదా అన్నాడు. చంద్రుడికి దగ్గరగా పోవాలంటే ఈ జీపు చాలదన్నాను. గుట్ట కొన మీదికి అప్పటికే వచ్చేసిన చంద్రుణ్ణి చూసి, మర్నాడు ఎక్కడ లేస్తాడో లెక్క కట్టుకున్నాను.

మర్నాడు పొద్దు వాలే వేళకు పార్టీ వచ్చింది. పిల్లగాడు పత్తి గింజలు తీసే జిన్నింగ్ మిల్లు వాళ్ళ కొడుకు. జీపు డ్రైవరును మరాఠీలో అన్నా అన్నట్టు "భావూ, భావూ" అంటూ అటూ ఇటూ పరుగెత్తించాడు. పిల్ల నిర్మల్‌లో ఏదో బడిలో టీచరు. చేనంతా ఊడ్చేంత పొడుగు గౌను, ఎత్తు మడమల చెప్పులు వేసుకుని వచ్చింది. బావ ఆ కుర్రవాణ్ణి "సార్" అని పిలిచాడు. తనకు కొడుకు వయసువాడు. ఆ పిలుపు విని అక్క కూడా తల తిప్పుకుంది.

"గీ పనికి ఇంత దూరమెందుకు?" అన్నాడు సారు, నా టెలిస్కోపును చూసి. "ఫోన్ల ఏఐకి చెప్తె ఒక్క నిమిషంల చేసిస్తది."

"అసలుది కావాలన్నది మీరే కద సార్" అన్నాడు బావ నవ్వుతూ.

"మా దోస్తు పెట్టిండు అసలుది. వానికన్న పెద్దగుండాలె."

వాడి స్నేహితుడి చంద్రుడి కన్నా పెద్ద చంద్రుడు కావాలట. అందుకోసం నేను బొంతలో చుట్టుకుని ఇంత దూరం వచ్చాను. ఆ పిల్ల మాత్రం టెలిస్కోపు దగ్గరికి వచ్చి, "మేడమ్, మా పిల్లలకు చంద్రుని పాఠం ఉంది. ఒక్కసారి మీ దగ్గరికి పట్టుకొస్తే చూపిస్తరా?" అని అడిగింది. చూపిస్తానన్నాను. ఇద్దరూ గుట్ట ఎక్కడానికి వెళ్ళిపోయారు.

నేను మోటారుకు బ్యాటరీ తగిలించి, గుట్ట కొన మీది రాయి అంచు మీద ఫోకస్ పట్టాను. కెమెరాకు కనబడేది లాప్‌టాప్ తెర మీదా కనబడుతుంది. అక్క పక్కన చాప వేసుకుని కూర్చుంది. బావ చెయ్యి చాపాడు.

"రిమోట్ ఇటియ్యి. పార్టీ పైకెల్లి చూస్తుంటది. నా చేతిల ఉండాలె."

"ఇంత దూరం నుంచి ఏం కనబడ్తది బావా?"

"ఇజ్జత్ కా సవాల్. ఇయ్యి."

అక్క ముఖం చూసి ఇచ్చాను. "కొంచెం కొంచెం తట్టు. నొక్కి పట్టుకోవద్దు" అని చెప్పాను. ఆయన నొక్కి పట్టుకున్నాడు. తెర మీద గుట్ట కరిగి బూడిద రంగు మబ్బయింది. ఇంకా గట్టిగా నొక్కితే బాగవుతుందనుకున్నాడేమో, బొటనవేలు తెల్లబడేదాకా నొక్కాడు. ఫోకస్ గొట్టం చివరిదాకా బయటికొచ్చి ఆగిపోయింది, మోటారు ఆగలేదు. టకటకమని చప్పుడు చేస్తూ నేను బిగించిన గుండ్రటి ముక్క ఇరుసు మీద జారింది. "మిషన్ల ఏదో లోపమున్నది మరదలా" అన్నాడు.

రిమోటు గుంజుకుని, జేబులోని అలెన్ కీతో జారిన ముక్కను మళ్ళీ బిగించాను. అప్పటికే గుట్ట వెనక ఎర్రటి వెలుగు పరుచుకుంటోంది. అక్కడ పొద్దు కుంకగానే చలి ఒక్కసారి దిగుతుంది. చలికి గొట్టం కుంచించుకుని ఫోకస్ జరుగుతూ ఉంటుంది. చిన్నగా తట్టాను, ఆగాను, మళ్ళీ తట్టాను. రాళ్ళ మధ్య ఎండు గడ్డిపరకలు ఒక్కొక్కటే విడివడి నిలబడ్డాయి. వాటి వెనక నుంచి చంద్రుడు, మీద నొక్కినట్టు కొంచెం చదునుగా, విరిసిన మోదుగుపువ్వు రంగులో పైకొచ్చాడు. అందులో నల్లటి బొమ్మల్లా ఆ ఇద్దరూ.

ఆ నిమిషంలో బావనూ, సారునూ, ఆల్బంలనూ మరిచిపోయాను. కెమెరా వరసగా తీస్తూనే ఉంది.

బావ ఫోన్ చెవిన పెట్టుకుని, "ఎత్తుకోండ్రి సార్! మేడమ్‌ను ఎత్తుకోండ్రి!" అని అరుస్తున్నాడు. తెర మీద బొమ్మలు ఎత్తుకోలేదు. పిల్ల వంగి చెప్పులు విప్పింది. పిల్లగాడు వేలు చూపిస్తూ ఏదో అంటున్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. అతను గౌను పట్టి గుంజాడు, ఆమె తూలి నిలదొక్కుకుంది. తర్వాత అతను వంగి ఒక చెప్పు తీసుకుని ఆమె మీదికి విసిరాడు.

"సూపర్! గట్లనే, గట్లనే ఉండుండ్రి!" అన్నాడు బావ. డాన్సు చేస్తున్నారనుకున్నాడట.

నేను జీవితంలో తీసిన ఫొటోలన్నిట్లోకీ బాగా ఫోకస్ కుదిరిన ఫొటో అదే. నిండు చంద్రుడు. ఎడమ పక్క ఎత్తిన చెయ్యి, చాచిన వేళ్ళు లెక్కపెట్టుకోవచ్చు. నడుమ గాలిలో చెప్పు, దాని మడమ, తెగి వేలాడుతున్న పట్టీ. కుడి పక్క ముఖానికి మోచెయ్యి అడ్డం పెట్టుకున్న పిల్ల. తర్వాతి ఫొటోల్లో ఆమె లేదు. చంద్రుడిలో అతనొక్కడే నిలబడి ఉన్నాడు, నడుం మీద చేతులు పెట్టుకుని.

మొదట అతనే దిగొచ్చాడు, ఏమీ జరగనట్టు. "వచ్చిందా?" అన్నాడు. తెర మీద చూసుకుని పక్కున నవ్వాడు. "గిది తీసెయ్యి. మంచియి లేవా?"

"తీసెయ్యి మరదలా" అన్నాడు బావ వెంటనే.

"టెలిస్కోపు నాది. కెమెరా నాది. నేను ఎవరి కిందా పనిచేస్తలేను" అని లాప్‌టాప్ మూసేశాను. సారు బావను చూశాడు. బావ నన్ను చూసి, అక్కను చూసి, చివరికి భుజం మీది తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు.

ఆ పిల్ల వట్టి కాళ్ళతో, గౌను రెండు చేతులా ఎత్తి పట్టుకుని చేను గట్టు వెంట వచ్చింది. అరికాలు కోసుకుపోయింది. అక్క నీళ్ళిచ్చి, తన కొంగుతోనే రక్తం అద్దింది. అద్దుతూ మెల్లగా, "మొగోళ్ళకు జర కోపం ఉంటది బిడ్డా. పెండ్లయినంక సర్దుకుంటది. ఫికర్ చెయ్యకు" అంది. నేను అక్కను చూశాను. అక్క సర్దుకున్న సంగతి నాకు తెలుసు. ఎన్నిసార్లు సర్దుకుందో బతికున్నప్పుడు మా అవ్వకు తెలిసేది, చర్చిలో పాస్టరమ్మకూ తెలుసు. బావ మీద నాకున్న ఏవగింపులో కొంత ఆరోజు అక్క మీదికి కూడా పోయింది. ఆ సంగతి రాయడం నాకు ఇష్టం లేదు, కానీ జరిగింది.

మగవాళ్ళిద్దరూ జీపు దగ్గర సిగరెట్లు కాలుస్తున్నప్పుడు పిల్ల నా పక్కకు వచ్చింది.

"మేడమ్, ఒక్కసారి చూపిస్తరా?"

చూపించాను. చాలాసేపు చూసింది. ఏడవలేదు.

"చెప్పులు ఎందుకు విప్పావమ్మా?" అని అడిగాను.

"రాళ్ళ మీద నిలబడరాలే. విప్పుతనంటె, ఫొటోల పొట్టిగ కనవడ్తవ్, నా ఇజ్జత్ పోతది అన్నడు." తెర వైపు చూపించి, "నేను చెప్తె మా బాపు నమ్మడు మేడమ్. మంచి సంబంధం అంటడు. గిది నా ఫోన్ల పంపరాదుండ్రి" అంది. పంపాను. అప్పుడు ఇంకో మాట అంది. "మీ దగ్గర ఉంచుకోకుండ్రి. అందరు చూసుడు నాకు వద్దు. నా దగ్గర ఉంటె సాలు."

ఆమె ముందే కెమెరాలోంచి, లాప్‌టాప్‌లోంచి తీసేశాను. వేలు ఒక్క క్షణం ఆగిందన్నది నిజం. అలాంటి ఫొటో నాకు మళ్ళీ దొరకదు.

పెళ్ళి ఆగిపోయిందని నెల తిరగకముందే అక్క ఫోన్లో చెప్పింది. పిల్లే వద్దందట, తండ్రి ఆమె వైపే నిలబడ్డాడట. "మీ బావ మస్తు పరేషాన్ల ఉన్నడు. నీ మిషన్ తోనే పెండ్లి ఖరాబైంది అంటుండు" అంది. విసిరిన చెయ్యి గురించి ఆయన ఏమీ అనలేదా అని అడిగాను. అక్క మాట మార్చి, క్రిస్మస్‌కు వస్తున్నావా అంది. రానన్నాను. టీచరమ్మ మాత్రం వేసవి సెలవులకు ముందు బడి పిల్లలను బస్సులో పట్టుకొచ్చింది. డాబా మీద ఒక్కొక్కరూ చంద్రుణ్ణి చూశారు. రిమోటు ఆమె చేతికే ఇచ్చాను. చిన్నగా తట్టమంటే చిన్నగానే తట్టింది.

బావ చాలా నెలలు నాతో మాట్లాడలేదు. నా జీవితంలో ప్రశాంతంగా గడిచిన నెలలవి. ఒక మధ్యాహ్నం ఆస్పత్రిలో ఉండగా ఫోన్ మోగింది. ఆయనే.

"ఏం మరదలా, మంచిగున్నవా? ఒక చిన్న పని పడ్డది. ఫొటోగ్రాఫర్ల సంఘపోళ్ళు పోటీ పెట్టిన్రు. గా చెప్పు ఇసిరిన ఫొటో ఉన్నది చూడు, గది పంపు. ఫస్ట్ ప్రైజు మనదే."

"ఎవరి పేరు మీద బావా?"

"స్టూడియో పేరు మీదనే. ఇంకెవరి పేరు మీద?"

"అది లేదు. అప్పుడే తీసేసిన."

"గంత మంచి ఫొటోను ఎవడన్న తీసేస్తడా? నాకు ఇయ్యబుద్ధి కాక అబద్ధం చెప్తున్నవ్" అన్నాడు.

బయట బల్ల మీద విరిగిన చేత్తో ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. ఆయన్ను లోపలికి రమ్మని సైగ చేశాను. బావ అవతల ఇంకా ఏదో అంటూనే ఉన్నాడు. బావను నమ్మించాల్సిన అవసరమేదీ నాకు కనబడలేదు. ఫోన్ బల్ల మీద బోర్లించి, ముసలాయన చేతిని ఎక్స్‌రే ప్లేటు మీద పెట్టి, కదలకుండా ఉండమన్నాను.